నిమిషాలు తాగే పెట్రోలు: చిన్న కారు మైలేజీ లెక్క

షోరూములో లీటరుకు 24 కిలోమీటర్లు అని చెప్పి అమ్మిన కారు హైదరాబాద్‌లో రోజూ ఆఫీసుకు తిరిగితే 15 దగ్గర ఆగిపోతుంది. యజమాని మొదట పెట్రోలు బంకును అనుమానిస్తాడు, తర్వాత మెకానిక్‌ను, ఈ మధ్య పెట్రోలులో కలుపుతున్న ఇథనాల్‌ను. ఎవరి వాటా ఎంతో తేలాలంటే ముందు ఆ 24 ఎక్కడిదో చూడాలి.

ఆల్టో కె10 మాన్యువల్ కారుకు 2022లో ప్రకటించిన మైలేజీ 24.39. బీఎస్6 కాలుష్య ప్రమాణాల ఆల్టో 800కు 22.05. ఇవి రోడ్డు మీద కొలిచినవి కావు. కారును రోలర్ల మీద నిలిపి, మనదేశపు పరీక్షా చక్రం ప్రకారం 1180 సెకన్లు నడిపి తీసిన అంకెలు. ఆ పరీక్షలో దూరం సుమారు 10.6 కిలోమీటర్లు, గరిష్ఠ వేగం 90, ఏసీ ఆపేసి ఉంటుంది. సగటు వేగం గంటకు 32 కిలోమీటర్లు. ఉప్పల్ వైపు నుంచి మాదాపూర్‌కు ఉదయం తొమ్మిదికి బయల్దేరే కారుకు ఆ సగటు అందదు. 20 వస్తే అదృష్టమే. పరీక్షకూ రోడ్డుకూ ఉన్న తేడాలో పెద్ద భాగం ఈ సగటు వేగంలోనూ ఏసీ బటన్‌లోనూ ఉంది.

ఒక లెక్క వేద్దాం. మనిషితో, సామానుతో కలిపి 850 కిలోల చిన్న కారు. ఒకవైపు 22 కిలోమీటర్లు, 65 నిమిషాలు. దారిలో 35 సార్లు పూర్తిగా ఆగడం, ప్రతిసారీ మళ్లీ గంటకు 40 దాకా వెళ్లడం. మొత్తం 20 నిమిషాలు నిలబడే ఉండటం. ఏసీ దారి పొడుగునా నడుస్తుంది. నగరంలో ఇలాంటి ఇంజిన్ పెట్రోలులోని శక్తిలో ఐదో వంతు, మహా అయితే కొంచెం పైన చక్రాలకు అందిస్తుంది. ఈ లెక్కలో 22 శాతం అనుకున్నాం.

ఆ ప్రయాణంలో పెట్రోలు ఇలా ఖర్చవుతుంది. టైర్లు దొర్లడానికి సుమారు 330 మిల్లీలీటర్లు. గాలిని చీల్చుకు వెళ్లడానికి 200. ఆగి మళ్లీ బయల్దేరే ప్రతిసారీ 8 చొప్పున 35 సార్లకు 280. నిలబడి ఇంజిన్ తిరగడానికి నిమిషానికి 10 చొప్పున 200. ఏసీ కంప్రెసర్‌కు నిమిషానికి 6 చొప్పున 390. చల్లటి ఇంజిన్ వేడెక్కేదాకా అదనంగా మరో 70. మొత్తం 1470 మిల్లీలీటర్లు, అంటే లీటరుకు 15 కిలోమీటర్లు. ఇవి ఉజ్జాయింపు అంకెలే. కారును బట్టి ఒక్కోటి కాస్త అటూ ఇటూ మారుతుంది గానీ వాటి వరస పెద్దగా మారదు.

ఇందులో ఏసీ, నిలబడటం రెండూ కలిపితే 590. మొత్తంలో నలభై శాతం. ఈ రెండింటికీ దూరంతో సంబంధం లేదు. కారు కదిలినా కదలకపోయినా గడియారం తిరిగినంతసేపూ అవి పెట్రోలు తీసుకుంటూనే ఉంటాయి. అందుకే నగరంలో మైలేజీ పెంచుకోవాలనుకునేవారు మొదట తగ్గించాల్సింది రోడ్డు మీద గడిపే నిమిషాలు. మెకానిక్ దగ్గరికి వెళ్లడం ఆ తర్వాతి పని.

అదే కారు, అదే దారి. ముప్పావుగంట ముందు బయల్దేరితే ప్రయాణం 45 నిమిషాలకు తగ్గి, నిలబడేది 8 నిమిషాలే అయి, ఆగడాలు 20కి వచ్చాయనుకుందాం. రోడ్డు ఖాళీగా ఉంటుంది కాబట్టి రెండు ఆగడాల మధ్య వేగం కాస్త ఎక్కువ, అందుకని ఆగిన ప్రతిసారీ 10 మిల్లీలీటర్లు, గాలికి 220 వేసుకుందాం. ఏసీకి 270, నిలబడటానికి 80, ఆగడాలకు 200, టైర్లకు 330, గాలికి 220, వేడెక్కడానికి 70. మొత్తం 1170. లీటరుకు 18.8 కిలోమీటర్లు. కారులో ఒక్క మర కూడా తిప్పకుండా దాదాపు నాలుగు కిలోమీటర్లు పెరిగింది. తిరుగు ప్రయాణంలోనూ ఇలాగే కుదిరితే, నెలకు 25 రోజుల లెక్కన, 1100 కిలోమీటర్లకు 15 లీటర్ల దాకా మిగులుతుంది. రెండు కిలోమీటర్లు ఎక్కువైనా సరే సిగ్నళ్లు తక్కువున్న దారి చాలాసార్లు తక్కువ పెట్రోలు తాగడానికి కారణం కూడా ఇదే. ఈ కారుకు ఒక కిలోమీటరు అదనంగా దొర్లడానికి, గాలికి కలిపి పాతిక మిల్లీలీటర్లు చాలు. రెండు నిమిషాలు ఏసీతో నిలబడితే 32 పోతాయి.

ఆఫీసు వేళలు మన చేతిలో లేనివారికి మిగిలింది ఏసీ, బ్రేకు, టైరు. వీటిలో ఏసీ గురించి ఒక అపోహ బాగా పాతుకుపోయింది. చవక కార్లలో ఉష్ణోగ్రత తిప్పే నాబ్ కంప్రెసర్ పనిని పెద్దగా తగ్గించదు. ఏసీ చల్లబరిచిన గాలిలో ఇంజిన్ వేడిని కలిపి లోపలికి పంపుతుందంతే. చలి వేస్తోందని నాబ్‌ను ఎరుపు వైపు తిప్పితే పెట్రోలు పెట్టి చల్లబరిచిన గాలినే మళ్లీ వేడి చేస్తున్నట్టు. చల్లదనం చాలనిపిస్తే బ్లోయర్ తగ్గించాలి, లేదా ఏసీ బటన్ ఆపి పది నిమిషాలు ఉత్త బ్లోయర్ నడపాలి. ఎండలో నిలిపిన కారు ఎక్కగానే అద్దాలు దించి ఒక నిమిషం నడిపి, వేడి గాలి బయటికి పోయాక ఏసీ వేయాలి. అప్పుడు గాలి లోపలే తిరిగే రీసర్క్యులేషన్ మోడ్ పెట్టుకోవాలి. బయటి 40 డిగ్రీల గాలిని పదే పదే చల్లబరచడం కన్నా లోపలి 28 డిగ్రీల గాలిని చల్లబరచడం కంప్రెసర్‌కు చాలా తేలిక. పార్కింగ్‌లో ముందు అద్దానికి వెండి రంగు ఎండతెర పెట్టినా మొదటి పది నిమిషాల భారం తగ్గుతుంది.

బంపరు వెనక ఉండి ఏసీ వేడిని బయటికి వదిలే కండెన్సర్ రెక్కల్లో దుమ్ము, పురుగులు, ప్లాస్టిక్ సంచి ముక్కలు చేరితే కంప్రెసర్ ఎక్కువసేపు తిరుగుతుంది. ఏడాదికి రెండుసార్లు తక్కువ ఒత్తిడి నీళ్లతో కడిగిస్తే చాలు. వాటర్ సర్వీసింగ్ గన్ దగ్గరగా పెట్టి కొడితే ఆ పల్చటి రెక్కలు వంగిపోయి గాలి దారి మూసుకుంటుంది. గ్యాస్ తక్కువైనా కంప్రెసర్ ఆగకుండా తిరుగుతుంది. అలాగని "కొంచెం ఎక్కువే కొట్టండి" అని పట్టించుకుంటే ఒత్తిడి పెరిగి మరింత బరువుగా తిరుగుతుంది. గ్యాస్‌ను బరువు తూచి, బానెట్ కింద స్టిక్కర్ మీద ఉన్నన్ని గ్రాములే పట్టించాలి.

సిగ్నల్ దగ్గర ఇంజిన్ ఆపాలా వద్దా? మళ్లీ స్టార్ట్ చేయడానికి పట్టే పెట్రోలు కొన్ని సెకన్ల ఐడ్లింగ్‌కు, అంటే నిలబడి ఇంజిన్ తిరగడానికి, సమానం. టైమర్ 40 సెకన్లకు పైగా చూపిస్తుంటే ఆపడం లాభమే. ఏసీ కూడా నడుస్తుంటే నిమిషానికి 16 మిల్లీలీటర్లు మిగులుతాయి. బ్యాటరీ నాలుగేళ్లు దాటి సెల్ఫ్ ఈడుస్తున్నప్పుడు మాత్రం చౌరస్తా మధ్యలో ఈ ప్రయోగం వద్దు. బ్లోయర్, హెడ్‌లైట్లు వేసి రెండు మూడు నిమిషాలు ఆపి ఉంచడం చిన్న బ్యాటరీకి పాత బ్యాటరీ కాకపోయినా భారమే.

బ్రేకు విషయంలో గుర్తుంచుకోవాల్సింది, ఆగినప్పుడు పోయే శక్తి వేగపు వర్గాన్ని బట్టి ఉంటుంది. మన 850 కిలోల కారు గంటకు 30 నుంచి ఆగితే మళ్లీ ఆ వేగం అందుకోవడానికి సుమారు నాలుగున్నర మిల్లీలీటర్లు. 40 నుంచి అయితే 8. 50 నుంచి 12. 60 నుంచి 17 పైనే. రెండు వందల మీటర్ల అవతల ఎర్ర లైటు కనిపిస్తున్నా 55 దాకా లాగి బ్రేకు కొట్టే డ్రైవరు, 35 దగ్గర ఆపుకుని మెల్లగా వెళ్లే డ్రైవరు ఇద్దరూ ఒకే లైటు కింద కలుసుకుంటారు. మొదటివాడు ఆ రెండు వందల మీటర్లకు ఎనిమిది, తొమ్మిది మిల్లీలీటర్లు ఎక్కువ పోసి వచ్చాడు. అలాంటివి రోజుకు 70 అయితే అర లీటరు దాటుతుంది.

నెమ్మదిగా నడపడం అంటే యాక్సిలరేటర్‌ను భయపడుతూ ముట్టుకోవడం అని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. పెట్రోలు ఇంజిన్ గాలి ద్వారాన్ని దాదాపు మూసి, గొంతు నొక్కి నడిపినప్పుడు గాలి పీల్చుకోవడానికే బోలెడు శక్తి వృథా చేసుకుంటుంది. తక్కువ ఆర్‌పీఎంలో (నిమిషానికి ఇంజిన్ తిరిగే చుట్లు) కాస్త బరువు మోస్తున్నప్పుడే అది పొదుపుగా పనిచేస్తుంది. కాబట్టి బయల్దేరేటప్పుడు పెడల్‌ను మూడో వంతు నుంచి సగం దాకా తొక్కి, 2000–2500 ఆర్‌పీఎం మధ్య గేర్లు మార్చుకుంటూ త్వరగా పై గేరుకు వెళ్లడం మంచిది. మూడు సిలిండర్ల చిన్న కార్లలో ఆర్‌పీఎం మీటరు లేకపోతే 15–20 వేగానికి రెండో గేరు, 30కి మూడు, 40కి నాలుగు, 50 దగ్గర ఐదు అనే కొలత సరిపోతుంది. దానికన్నా ముందే మార్చి ఇంజిన్ దడదడలాడుతుంటే పొదుపు పోగా గేరుబాక్సు, మౌంటింగులు దెబ్బతింటాయి. గేర్లు తామే మార్చుకునే ఏఎంటీ కార్లలో పెడల్ ఒకేలా తొక్కి పట్టుకుంటే గేరు ఆలస్యంగా మారుతుంది. కావలసిన వేగం రాగానే పాదాన్ని కొంచెం వదిలితే పై గేరు పడుతుంది.

వాలులో న్యూట్రల్ చేసి దించడం కార్బురేటర్ కార్ల కాలం నాటి అలవాటు. కంప్యూటర్ లెక్కకట్టి ఇంజెక్టర్లతో పెట్రోలు చిమ్మే ఇంజెక్షన్ కారు గేరులో ఉండి, యాక్సిలరేటర్ పూర్తిగా వదిలేసి, ఆర్‌పీఎం ఐడిల్ కన్నా తగినంత పైన ఉంటే కంప్యూటర్ ఇంజెక్టర్లను ఆపేస్తుంది. చక్రాలే ఇంజిన్‌ను తిప్పుతాయి, పెట్రోలు సున్నా. న్యూట్రల్ చేసిన క్షణం నుంచి ఇంజిన్ సొంతంగా బతకాలి, నిమిషానికి 10 మిల్లీలీటర్లు మొదలవుతాయి. తిరుమల ఘాట్ దిగేటప్పుడైనా, విశాఖలో కొండ వాలు దిగేటప్పుడైనా రెండో గేరో మూడో గేరో వేసి దిగితే పెట్రోలూ మిగులుతుంది, బ్రేకులూ కాలవు. న్యూట్రల్‌లో బ్రేకు ద్రవం మరిగి పెడల్ మెత్తబడటం ప్రాణాల మీదికి వచ్చే సంగతి.

ఔటర్ రింగ్ రోడ్డు లాంటి చోట లెక్క వేరు. అక్కడ గాలిదే పెత్తనం. వేగం 80 నుంచి 100కు పెరిగితే గాలి నిరోధం ఒకటిన్నర రెట్లకు పైగా పెరుగుతుంది. టైర్లదీ కలుపుకుంటే కారును లాగడానికి కావలసిన బలం మూడో వంతు ఎక్కువ. డబ్బా ఆకారపు చిన్న కార్లకు 75–80 దగ్గర ఉండటమే లాభం. సామాను లేనప్పుడు పైన క్యారియర్ కూడా విప్పేయాలి.

ఇక టైర్లు. మన లెక్కలో నాలుగు టైర్ల నిరోధం కలిపి పది కిలోల లాగుడు. ఆ పదిలో ఒక కిలో అటూ ఇటూ అయితే ప్రయాణానికి 33 మిల్లీలీటర్ల తేడా. 30 పీఎస్ఐ ఉండాల్సిన టైరులో 22 ఉంటే దొర్లుడు నిరోధం పది శాతం పైగా పెరుగుతుంది. అంటే మైలేజీలో రెండు శాతానికి పైగా నష్టం. వినడానికి చిన్నదే అయినా ఇది ఏ ఖర్చూ లేకుండా ప్రతి ప్రయాణంలోనూ మిగిలే రెండు శాతం. పైగా గాలి తక్కువైన టైరు అంచులు తొందరగా అరిగిపోతాయి.

సరైన అంకె డ్రైవరు తలుపు చట్రం మీది స్టిక్కర్‌లో ఉంటుంది. టైరు పక్కన అచ్చు వేసింది గరిష్ఠ పరిమితి, అది కొట్టించుకోవాల్సిన గాలి కాదు. చల్లటి టైరుకే చూడాలి. బంకు దాకా నాలుగైదు కిలోమీటర్లు ఎండలో నడిచి వచ్చిన టైరులో మూడు నాలుగు పీఎస్ఐ ఎక్కువ కనిపిస్తుంది. దాన్ని చూసి "గాలి ఎక్కువైంది" అని తీయిస్తే మర్నాడు ఉదయానికి తక్కువ అవుతుంది. బంకుల్లో గాలి మీటర్లు ఒకదానికొకటి పొంతన లేకుండా చూపించడం మామూలే. నాలుగైదు వందల రూపాయల సొంత గేజీ కొని, రెండు వారాలకోసారి ఉదయం బండి తీయకముందే చూసుకోవడం మేలు. నైట్రోజన్‌కు విడిగా డబ్బు పెట్టనక్కర్లేదు. మామూలు గాలిలోనే 78 శాతం నైట్రోజన్ ఉంది.

కొత్త టైర్లు వేయించగానే మైలేజీ తగ్గిందని కంగారుపడేవాళ్లు చాలామంది. అందులో కొంత నిజం, కొంత మీటరు మాయ. కొత్త టైరుకు ట్రెడ్ మందం ఎక్కువ కాబట్టి నిరోధమూ కాస్త ఎక్కువే. అయితే 145/80 ఆర్12 టైరు వ్యాసం సుమారు 537 మిల్లీమీటర్లు. ట్రెడ్ 6 మిల్లీమీటర్లు అరిగితే వ్యాసం 12 తగ్గి, ఓడోమీటరు రెండు శాతం ఎక్కువ కిలోమీటర్లు చూపిస్తూ వస్తుంది. కొత్త టైర్లతో ఆ అబద్ధం పోయి అసలు అంకె బయటపడుతుంది. పెద్ద టైర్లు వేయించుకున్నవారికి ఇదే తిరగబడుతుంది. 145/80 ఆర్13 బదులు 155/80 ఆర్13 వేస్తే వ్యాసం దాదాపు మూడు శాతం పెరిగి, మీటరు ఆ మేరకు తక్కువ చూపిస్తుంది.

అందుకే డబ్బు ఖర్చు పెట్టే ముందు కొలత సరిచూసుకోవాలి. ట్యాంకు నిండుగా కొట్టించాలి. నాజిల్ మొదటిసారి టక్కుమని ఆగినప్పుడే చాలనాలి. ట్రిప్ మీటరు సున్నా చేసి, సగం ట్యాంకు పైన ఖర్చయ్యాక అదే బంకులో, కుదిరితే అదే పంపు దగ్గర మళ్లీ మొదటి టక్కు దాకా నింపాలి. నాజిల్ ఒకసారి అర లీటరు ముందో వెనకో ఆగితే పది లీటర్ల మీద ఐదు శాతం తప్పు వస్తుంది. కాబట్టి ఒక్క ట్యాంకును నమ్మకూడదు. మూడు ట్యాంకుల కిలోమీటర్లు కూడి, మూడు ట్యాంకుల లీటర్లతో భాగించాలి. "మెడ దాకా" నింపించడం కొలతకు మంచిదనుకుంటారు గానీ, పొంగిన పెట్రోలు ఆవిరిని పట్టే బొగ్గు డబ్బాలోకి దిగి దాన్ని పాడుచేస్తుంది. ఆ తర్వాత ఇంజిన్‌కు మిశ్రమం చిక్కబడి అసలుకే మోసం. డాష్‌బోర్డు చూపించే సగటు మైలేజీ నిజం కన్నా ఎక్కువే ఉంటుంది సాధారణంగా. నిన్నటికీ ఇవాళ్టికీ తేడా చూసుకోవడానికి మాత్రం అది పనికొస్తుంది.

ఇలా కొలిచాక కూడా, ఇదే దారిలో ఇదివరకు వచ్చినదాని కన్నా పది శాతానికి మించి తగ్గిందంటే కారులోనే ఏదో ఉంది.

ముందు చూడాల్సింది బ్రేకులు పట్టేయడం. వానాకాలం తర్వాత ఇది మరీ ఎక్కువ. పది కిలోమీటర్లు నడిపి, చివరి కిలోమీటరు బ్రేకు వీలైనంత తక్కువ తొక్కి ఆపి, చక్రాల రిమ్ముల దగ్గర చెయ్యి పెట్టి చూడాలి, డిస్కును తాకకుండా. ముందు చక్రాలు వెనకవాటికన్నా వేడిగా ఉండటం సహజం. ఎడమకూ కుడికీ తేడా ఉంటే వేడిగా ఉన్న వైపు పట్టేస్తోంది. జాకీ ఎత్తి తిప్పి చూస్తే ఖాయమవుతుంది. ముందు వైపు అయితే బ్రేకు ప్యాడ్లను డిస్కుకు నొక్కే క్యాలిపర్ స్లైడ్ పిన్నులు తుప్పు పట్టి బిగుసుకోవడం మామూలు కారణం. వాటిని శుభ్రం చేసి బ్రేకులకు వాడే సిలికాన్ గ్రీజు పెట్టాలి. షెడ్డులో డబ్బాలో కనిపించే మామూలు గ్రీజు పెడితే రబ్బరు బూట్లు ఉబ్బి మూడు నెలల్లో మళ్లీ మొదటికి వస్తుంది. వెనక డ్రమ్ముల్లో చేతి బ్రేకు కేబుల్ తొడుగులోనే బిగుసుకుపోయి వెనక్కి రాకపోవడం ఎక్కువ. ఒక్క చక్రం మూడు కిలోల లాగుడు పెంచినా ప్రయాణానికి వంద మిల్లీలీటర్లు, అంటే ఏడు శాతం పోయినట్టే.

రెండోది, ఇంజిన్ వేడెక్కేదాకా కూలెంట్‌ను రేడియేటర్‌కు వెళ్లనివ్వని థర్మోస్టాట్ వాల్వ్. ఇంజిన్ ఒకసారి వేడెక్కిందంటే చాలు, "మన ఎండలకు ఇది అక్కర్లేదు" అని దాన్ని పీకేసి డైరెక్ట్ చేసే అలవాటు చాలా షెడ్లలో ఉంది. ఈ పని ఎంత నష్టం చేస్తుందో చెప్పినా తక్కువే. సుమారు 82–88 డిగ్రీల దగ్గర తెరుచుకోవాల్సిన ఆ వాల్వ్ లేకపోతే ఇంజిన్ వేడెక్కడానికి రెట్టింపు సేపు పడుతుంది, హైవే గాలికి 60–65కే పడిపోతుంది. ఇంజిన్ ఇంకా చల్లగానే ఉందని కంప్యూటర్ పెట్రోలు ఎక్కువ పోస్తూనే ఉంటుంది. ఆయిల్ చిక్కగానే ఉండి అరుగుదల పెరుగుతుంది. చాలా చవక కార్లలో టెంపరేచర్ ముల్లు లేదు, కాబట్టి యజమానికి ఏళ్ల తరబడి తెలియదు. కారు కంప్యూటర్‌లోని అంకెలు చదివే, వెయ్యి రూపాయల లోపు దొరికే బ్లూటూత్ ఓబీడీ స్కానర్ స్టీరింగ్ కింది సాకెట్‌కు పెట్టి ఫోనులో కూలెంట్ వేడి చూస్తే పది, పదిహేను నిమిషాల్లో విషయం తేలుతుంది. 80 దాటి అక్కడే నిలకడగా ఉండాలి. కొన్ని కార్లలో ఇంజిన్ తగినంత వేడెక్కడం లేదని చెప్పే పీ0128 అనే కోడ్ కూడా పడుతుంది.

అదే స్కానర్‌లో లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్ అనే అంకె ఉంటుంది. ముందే అనుకున్న పెట్రోలుకు కంప్యూటర్ ఎంత శాతం కలుపుతోందో, ఎంత తగ్గిస్తోందో అది చెబుతుంది. వేడెక్కిన ఇంజిన్‌లో ప్లస్ మైనస్ పది లోపు ఉంటే దిగులు లేదు. ప్లస్ 15 దాటితే పంపు ఒత్తిడి తగ్గడం, ఫిల్టరు మూసుకోవడం, ఆక్సిజన్ సెన్సరుకు ముందు సైలెన్సర్ పైపు లీకవడం వరసగా చూడాలి. మైనస్ 15 అయితే ఇంజెక్టరు కారడం, లేదా పైన చెప్పిన బొగ్గు డబ్బా వాల్వ్ తెరుచుకుని ఉండిపోవడం. ట్రిమ్ బాగానే ఉండి మైలేజీ లేకపోతే ఇంజిన్‌ను వదిలి బ్రేకులు, టైర్లు, క్లచ్ వైపు వెళ్లాలి. స్కానర్ పెట్టకుండా ప్లగ్గులు, కాయిళ్లు, సెన్సర్లు ఒక్కొక్కటే మార్చి చూద్దామనే మెకానిక్ దగ్గర యజమాని జేబు ఖాళీ అవుతుంది, జబ్బు మాత్రం అక్కడే ఉంటుంది.

క్లచ్ జారుతోందో లేదో పై గేరులో 50 దగ్గర పెడల్ గట్టిగా తొక్కితే తెలుస్తుంది. మోత పెరిగి వేగం పెరగకపోతే ప్లేటు అయిపోయింది. ఫ్లైఓవర్ ఎక్కేచోట ట్రాఫిక్‌లో హాఫ్ క్లచ్ మీద కారును నిలబెట్టే అలవాటే దాన్ని తినేస్తుంది. అక్కడ చేతి బ్రేకు వాడాలి.

ఇంజిన్ ఆయిల్‌లో మాన్యువల్ చెప్పిన గ్రేడే పోయించాలి. 5డబ్ల్యు-30 గానీ 0డబ్ల్యు-20 గానీ రాసి ఉన్న ఇంజిన్‌లో "ఎండలు కదా, చిక్కటిది మంచిది" అని 20డబ్ల్యు-50 పోస్తే ఒకటి రెండు శాతం మైలేజీ పోతుంది, చల్లటి ఉదయాల్లో ఇంకా ఎక్కువ. ఎయిర్ ఫిల్టరు విషయంలో మాత్రం అందరూ చెప్పే మాట ఈ కార్లకు వర్తించదు. ఫిల్టరు మూసుకుంటే కార్బురేటర్ కారు పెట్రోలు తాగేది. ఇంజెక్షన్ కారులో వచ్చిన గాలికి తగ్గట్టే కంప్యూటర్ పెట్రోలు పోస్తుంది కాబట్టి పికప్ తగ్గుతుంది గానీ మైలేజీ పెద్దగా మారదు. అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లాబొరేటరీ 2009లో చేసిన పరీక్షల్లోనూ ఇదే తేలింది. ఫిల్టరు మార్చాల్సింది దుమ్ము నుంచి ఇంజిన్‌ను కాపాడటానికి.

ఇథనాల్ సంగతి లెక్కతోనే తేలుతుంది. లీటరు ఇథనాల్‌లో శక్తి పెట్రోలులో దాదాపు మూడింట రెండు వంతులే. అందువల్ల 20 శాతం కలిపిన ఈ20లో శక్తి శుద్ధ పెట్రోలు కన్నా ఆరేడు శాతం తక్కువ, ఇదివరకటి ఈ10 కన్నా మూడు నాలుగు శాతం తక్కువ. నీతి ఆయోగ్ 2021 నివేదిక కూడా ఈ10కు ట్యూన్ చేసిన పాత కార్లలో ఆరేడు శాతం, ఈ20కి ట్యూన్ చేసిన కార్లలో ఒకటి రెండు శాతం తగ్గుదల అంచనా వేసింది. 15 ఇచ్చే కారు ఈ20 వల్ల 14.3 ఇవ్వొచ్చు. 11కు పడిపోయిందంటే ఇథనాల్‌ను తిట్టుకుంటూ కూర్చోకుండా పైన చెప్పినవి వెతకాలి. పాత కార్లలో ఈ20 పోశాక ఫ్యూయల్ ట్రిమ్ నాలుగు నుంచి ఎనిమిది దాకా ప్లస్ వైపు జరగడం సహజమే, దాన్ని జబ్బుగా చూడకూడదు. చూడాల్సింది రబ్బరు పైపులు, సీళ్లు. 2023కు ముందు కార్లలో ట్యాంకు నుంచి ఇంజిన్ దాకా ఉన్న ఫ్యూయల్ పైపులు మెత్తబడ్డాయా, పగుళ్లు వచ్చాయా, పెట్రోలు వాసన వస్తోందా అని ప్రతి సర్వీసులో చూపించుకోవాలి. ఈ20 గాలిలో తేమను పీల్చుకుంటుంది. కారు నెలల తరబడి నిలిపి ఉంచేటప్పుడు ట్యాంకు అడుగంటా ఖాళీగా వదలకపోవడం మంచిది.

ఆక్టేన్ ఎక్కువుండే ప్రీమియం పెట్రోలు ఈ కార్లకు మైలేజీ ఇవ్వదు. ఆక్టేన్ అనేది ఇంజిన్‌లో మంట తనంతట తాను ముందే అంటుకోకుండా ఆపే గుణం, అందులో శక్తి ఎక్కువ ఉందని కాదు. పైపుకు కట్టే అయస్కాంతాలు, ఓబీడీ సాకెట్‌లో పెట్టే "ఫ్యూయల్ సేవర్" ప్లగ్గులు కొనకూడదు. అలాంటి ప్లగ్గులు విప్పి చూసినవారికి లోపల మిణుకుమనే లైట్లు, వాటిని వెలిగించే చిన్న సర్క్యూటు తప్ప మరేం కనిపించలేదు. ట్యాంకులో కలిపే క్లీనరు ఇంజెక్టర్లు మూసుకుపోయిన పాత కారులో కొంత పనిచేయవచ్చు. బాగున్న కారులో చేసేదేం లేదు.

ఏ మార్పు చేసినా ఒక్కసారి ఒక్కటే చేసి, మూడు ట్యాంకులు చూడాలి. గాలి, ఆయిల్, ప్లగ్గులు అన్నీ ఒకే రోజు మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు. మే నెల మైలేజీని డిసెంబరుతో పోల్చినా తప్పే. ఏసీ ఒక్కదాని వల్లే పాతిక శాతం దాకా తేడా వస్తుంది. ఈ మే నెల అంకెను నిరుటి మే నెల అంకెతోనే పోల్చాలి. అందుకోసం గ్లవ్ బాక్సులో తేదీ, కిలోమీటర్లు, లీటర్లు రాసుకునే చిన్న పుస్తకం ఒకటి ఉంచుకుంటే చాలు.